విశ్వవిద్యాలయ కళాశాలల లెక్కలు బయట పెట్టించండి: ఉన్నత విద్యాశాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో విద్యార్థులకూ వాళ్ల తల్లిదండ్రులకూ సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే వాళ్లం నమస్కరించి రాస్తున్నాం. ఇదే సంగతి మీద మీ పేషీకి వినతిపత్రాలు ఇచ్చాం. అందాయన్న ముక్క కూడా తిరిగి రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాయాల్సి వస్తోంది. కళాశాల పేరు రాయడం లేదు. అక్కడి పిల్లలు ఇంకా ఆ హాస్టల్లోనే తినాలి, ఆ సార్ల చేతనే ఇంటర్నల్ మార్కులు వేయించుకోవాలి.

సమాచార హక్కు చట్టం మీకు మేం చెప్పాల్సింది కాదు. మా గోడు ఒక్కటే. విశ్వవిద్యాలయ కళాశాల దగ్గర ఉన్న లెక్కలు ఎవరూ అడగకముందే నోటీసు బోర్డు మీదా వెబ్‌సైట్లోనూ కనబడాలి. అడిగిన రోజున "మా దగ్గర లేదు, యూనివర్సిటీలో ఉంది" అనే మాట ఆగాలి.

ముందు ఆ మాట సంగతే చూడండి. ఒక విద్యార్థి హాస్టల్ మెస్ ఓచర్ల నకళ్లు కావాలని ప్రిన్సిపాల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెడతాడు. మూడు వారాలు పోయాక జవాబు వస్తుంది: "ఈ సమాచారం విశ్వవిద్యాలయ ఫైనాన్స్ విభాగానికి సంబంధించినది, సెక్షన్ 6(3) కింద బదిలీ చేయడమైనది." అక్కడివాళ్లు చూసి "రికార్డు కళాశాల వద్దే ఉంటుంది" అని మళ్లీ ఇటే పంపిస్తారు. రెండు కాగితాల మీదా సంతకాలున్నాయి, సీళ్లున్నాయి, తేదీలున్నాయి. లేనిదల్లా సమాచారమే. అచ్చంపేట అవతలి తండా నుంచో దేవరకొండ నుంచో వచ్చిన తండ్రి ఆ రెండు కాగితాలూ పట్టుకుని మా దగ్గరికి వస్తాడు, ఇందులో ఏది నిజమని అడుగుతాడు. ఆయనకు మేమేం చెప్పాలి?

సెక్షన్ 6(3) ఉన్నది ఇందుకు కాదు. సమాచారం వేరే ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటే దరఖాస్తును అక్కడికి పంపడానికి, అదీ ఐదు రోజుల్లో పంపడానికి. విశ్వవిద్యాలయ కళాశాల అంటే అనుబంధ ప్రైవేటు కళాశాల కాదు కదా. అది విశ్వవిద్యాలయంలో భాగం. దాని ప్రిన్సిపాల్‌ను నియమించేది విశ్వవిద్యాలయం, జీతం ఇచ్చేదీ విశ్వవిద్యాలయమే. ఒకే సంస్థలో రెండు గదుల మధ్య జరిగే వ్యవహారానికి చట్టంలో సెక్షన్ 5(4) ఉంది. పౌర సమాచార అధికారి సంబంధిత అధికారి సాయం కోరాలి. 5(5) ప్రకారం ఆ అధికారి సాయం చేసి తీరాలి. చేయకపోతే తప్పు ఆయన మెడకే చుట్టుకుంటుంది, ఆ మేరకు ఆయననే పౌర సమాచార అధికారిగా చూడాలని చట్టం చెబుతోంది. అంటే ఫైనాన్స్ విభాగం నుంచి ఓచర్లు తెప్పించి ఇవ్వాల్సింది ప్రిన్సిపాల్ కార్యాలయమే. ముప్పై రోజుల గడువు దరఖాస్తు మొదట అందిన రోజు నుంచే లెక్క. బదిలీ చేసి, మళ్లీ కొత్త తేదీ వేసుకుని, ఆ తేదీ నుంచి లెక్కపెట్టుకునే వీలు ఎవరికీ లేదు. గడువు దాటితే 7(6) ప్రకారం నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. గడువు దాటాక పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టమని వచ్చిన ఉత్తరాలూ మా దగ్గరున్నాయి. వాటిలో మొత్తం ఎంతో రాశారు తప్ప ఎన్ని పేజీలో రాయలేదు. 7(3) ప్రకారం ఆ లెక్క చూపడం తప్పనిసరి.

ఇక ఈ మెస్ ఓచర్ల కోసం ఇంత పట్టు దేనికని మీ కార్యాలయంలో ఎవరికైనా అనిపించవచ్చు. వివరంగా చెబుతాం.

హాస్టల్లో నెల ఖర్చంతా కలిపి భోజన దినాలతో, అంటే పిల్లలందరూ తిన్న రోజుల మొత్తంతో, భాగిస్తారు. వచ్చినదాన్ని ఒక్కో విద్యార్థి తిన్న రోజులతో గుణించి బిల్లు వేస్తారు. ఉదాహరణకు నెల ఖర్చు 5,40,000 రూపాయలు, మొత్తం భోజన దినాలు 7,200 అనుకుందాం. రోజుకు 75 రూపాయలు. ఇరవై నాలుగు రోజులు తిన్న పిల్లకు 1,800 బిల్లు. ఇప్పుడు అదే మెస్‌లో హాజరు రిజిస్టరుకు ఎక్కని పదిహేను మంది ముప్పై రోజులూ తిన్నారనుకోండి. లెక్కలోంచి 450 భోజన దినాలు పోయి 6,750 మిగులుతాయి. ఖర్చు మాత్రం అంతే ఉంటుంది. రోజు రేటు 80 అవుతుంది, ఆ పిల్ల బిల్లు 1,920 అవుతుంది. నూట ఇరవై రూపాయలు ఎక్కువ. చిన్న మొత్తమే అనకండి, అది ప్రతి పిల్ల మీదా, ప్రతి నెలా పడుతుంది. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని రోజుల్లో ఆ బాకీ చేతి నుంచి కట్టేది తల్లిదండ్రులే. ఫలానా చోట ఇలా జరుగుతోందని మేం ఆరోపించడం లేదు. జరగడం లేదని తెలుసుకోవడానికి కూడా దారి లేదంటున్నాం. నోటీసు బోర్డు మీద అంటించే కాగితంలో హాల్ టికెట్ నంబరు, ఎదురుగా మొత్తం, అంతే ఉంటుంది. భాగించిన అంకె ఏమిటో, దేనితో భాగించారో ఉండదు.

బయట పెట్టాల్సింది పెద్ద గ్రంథమేమీ కాదు, నెలకు ఒక్క పేజీ. నెల మొదట్లో ఉన్న సరుకు నిల్వ, కొన్న బియ్యం, పప్పు, నూనె, కూరగాయల పరిమాణం, ధర, గ్యాస్ సిలిండర్ల సంఖ్య, వంటవాళ్ల జీతాలు, నెలాఖరు నిల్వ, మొత్తం భోజన దినాలు, రోజు రేటు. ఇందులో నెలాఖరు నిల్వ అన్న గడిని చాలా చోట్ల ఖాళీగా వదిలేస్తారు. అది లేకపోతే ఈ నెల కొన్న సరుకంతా ఈ నెలే తిన్నట్టు లెక్క వస్తుంది, సెలవుల ముందు నెల బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. వార్డెన్ దగ్గర స్టాక్ రిజిస్టరు ఉంది, ఇండెంటు పుస్తకం ఉంది. అందులోది ఎత్తి రాస్తే చాలు.

ఇదంతా సెక్షన్ 4(1)(బి) కిందికే వస్తుంది కాబట్టి దాని గురించి ఒక మాట. ప్రతి ప్రభుత్వ సంస్థా తన గురించి పదిహేడు అంశాలు 120 రోజుల్లో ప్రకటించాలని 2005లోనే రాశారు, ఏటా కొత్తగా సరిదిద్దాలనీ రాశారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కిషన్ చంద్ జైన్ కేసులో ఇదే విషయం మళ్లీ గుర్తు చేసింది. మన కళాశాలల వెబ్‌సైట్లు తెరిచి చూడండి. మేం చూసినవాటిలో ఒకచోట "ఆర్టీఐ" అని నొక్కితే ఎప్పుడో స్కాన్ చేసిన వంకర పేజీ వస్తుంది. అందులో పౌర సమాచార అధికారిగా ఉన్నవారు పదవీ విరమణ చేసి వెళ్లిపోయారు. ఫోన్ నంబరు పనిచేయదు. సిబ్బంది నెల వేతనాలు, బడ్జెట్, ఖర్చుల నివేదికలు ఉండాల్సిన చోట "త్వరలో" అని ఉంది. రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు, కాంట్రాక్టు వాళ్లు ఎందరు, పార్ట్ టైమ్ వాళ్లు ఎందరు అన్నది చేరబోయే విద్యార్థికి అన్నింటికన్నా ముందు తెలియాలి. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారంపై యూజీసీ 2023 నిబంధనలు అడ్మిషన్లకు కనీసం అరవై రోజుల ముందే ప్రాస్పెక్టస్ పెట్టాలంటున్నాయి. అందులో ఫీజులు, సీట్లు, అధ్యాపకుల వివరాలు ఉండాలి. కౌన్సెలింగ్ అయ్యాక, డబ్బు కట్టాక, ల్యాబ్ ఫీజు ఇంకా వేరే ఉందని తెలిస్తే ఆ పిల్లవాడు ఏం చేయాలి?

దరఖాస్తు పెట్టడంలోని చిన్న చిన్న ఇబ్బందులు మీ దాకా వచ్చి ఉండవు. ఫీజు పది రూపాయలు. పోస్టల్ ఆర్డరు ఎవరి పేరున తీయాలో ఎక్కడా రాసి ఉండదు. ప్రిన్సిపాల్ పేరున తీస్తే అకౌంట్స్ ఆఫీసర్ పేరున ఉండాలని తిప్పి పంపుతారు, అలా తీస్తే రిజిస్ట్రార్ పేరున అంటారు. ఒక్కోసారి దరఖాస్తు, పోస్టల్ ఆర్డరు రెండూ వెనక్కి వచ్చేసరికి నెల గడిచిపోతుంది. చేతికే ఇద్దామని వెళితే తపాలు సెక్షన్లో రెండో ప్రతి మీద ముద్ర వేయరు, సార్ లేరు రేపు రమ్మంటారు. ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు లేకపోతే గడువు ఎప్పుడు మొదలైందో రుజువు చేయలేం. మొదటి అప్పీలుకు అదే ఆధారం. మక్తల్ నుంచి వచ్చిన మనిషికి ఆ "రేపు" అంటే ఇంకో రోజు కూలి పోయినట్టే.

జవాబులు వచ్చినా వాటి తీరు వేరు. "సమాచారం విస్తారంగా ఉన్నందున ఇవ్వలేము" అని 7(9) చూపిస్తారు. ఆ సెక్షన్ ఇవ్వకుండా ఉండటానికి కాదు, అడిగిన రూపంలో కుదరకపోతే ఇంకో రూపంలో ఇవ్వడానికి. రిజిస్టర్లు బల్ల మీద పెట్టి చూసుకోమనండి, మేం చూసుకుంటాం. తనిఖీకి మొదటి గంట ఫీజు లేదు, ఆ తర్వాత పావుగంటకు ఐదు రూపాయలు. కొందరు "వ్యక్తిగత సమాచారం" అని ఒక్క ముక్కలో తోసిపుచ్చుతున్నారు. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే 8(1)(జె)ను డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మార్చిన మాట నిజమే. కానీ ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న 8(2) అలాగే ఉంది. మెస్‌లో కొన్న కందిపప్పు ధర ఎవరి వ్యక్తిగత విషయం? పేర్లున్న చోట పేరు చెరిపి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 ఉంది.

ఇంటర్నల్ పరీక్షల జవాబు పత్రాల సంగతీ అంతే. దిద్దిన పత్రం రాసిన విద్యార్థికి చూపాలని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. సమాచార హక్కు కింద అడిగితే ఆ చట్టం ప్రకారం ఫీజే తీసుకోవాలని 2019లో కంపెనీ సెక్రటరీల సంస్థ కేసులో చెప్పింది. విభాగాధిపతులకు ఈ రెండు తీర్పులూ ఒక సర్క్యులర్‌గా పంపండి, సగం అప్పీళ్లు అక్కడే తగ్గిపోతాయి.

కమిషన్‌కు వెళ్లండి అని సలహా ఇస్తారేమో. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా మన రాష్ట్ర సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. ఆ కాలంలో రెండో అప్పీలు వేసిన విద్యార్థుల్లో రెండేళ్ల పీజీ ముగించుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు. వాళ్లకు ఇప్పుడు ఓచర్లు వచ్చినా ఏం లాభం? సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా అన్న భయం కింది స్థాయిలో ఎవరికీ లేకపోవడానికి కారణం ఇదే.

అయ్యా, మీరు ఒక్క మెమో ఇస్తే కదిలే పనులివి. విశ్వవిద్యాలయ కళాశాలలకూ పరిపాలనా భవనానికీ మధ్య 6(3) బదిలీలు చెల్లవని, 5(4) కింద తెప్పించి ఇవ్వాలని రాయండి. ప్రతి హాస్టల్ మెస్ లెక్క పైన చెప్పిన గడులతో తరువాతి నెల పదో తేదీలోగా బోర్డు మీద పెట్టించండి. పౌర సమాచార అధికారి, అప్పిలేట్ అధికారి పేర్లు, పోస్టల్ ఆర్డరు ఎవరి పేరున తీయాలో గేటు దగ్గర తెలుగులో బోర్డు రాయించండి. తపాలు సెక్షన్లో రెండో ప్రతి మీద ముద్ర వేయడం తప్పనిసరి చేయండి. పదిహేడు అంశాలూ ఈ విద్యా సంవత్సరం తేదీతో పెట్టించండి. మెస్ లెక్క ఒక్కటైనా ముందు మొదలుపెట్టించండి. మెస్ లెక్క మళ్లీ మళ్లీ అంటున్నామని విసుక్కోకండి, నెల నెలా బాకీ పెరిగేది అక్కడే.

ఈ లేఖ ప్రతి స్పీడ్ పోస్టులోనూ పంపుతున్నాం. దీని మీద మీ కార్యాలయం ఏ ఉత్తర్వు ఇచ్చినా దాని నకలు రెండు జిల్లాల విశ్వవిద్యాలయ కళాశాలల నోటీసు బోర్డుల మీద పెట్టించమని ప్రార్థన.

ఇట్లు,
సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే వాళ్లం,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు