టాబ్లాయిడ్‌ను ముంచిన పిన్ నంబరు

సంపాదకులకు,

బ్రిటన్ టాబ్లాయిడ్లను (సంచలన వార్తల పత్రికలను) ఇంటర్నెట్టే దెబ్బతీసిందనడం సగం నిజమే. 1843లో పుట్టిన ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ వారపత్రిక 1950 నాటికి వారానికి 80 లక్షల ప్రతులు దాటింది. దాన్ని ముంచింది సొంత నిర్వాకం: దాని మనుషులు ఇతరుల ఫోన్ సందేశాలను దొంగచాటుగా వినేవారు. కిటుకు చిన్నదే: చాలామంది తమ వాయిస్‌మెయిల్‌కు (ఫోన్ ఎత్తనప్పుడు అవతలివారి సందేశం రికార్డయ్యే చోటు) ఫోన్ కంపెనీ ఇచ్చిన పిన్ మార్చేవారు కాదు. ఒకరు ఫోన్ చేసి లైను బిజీగా ఉంచితే, రెండోవారి కాల్ నేరుగా వాయిస్‌మెయిల్‌కు పోయేది. పిన్ నొక్కితే సందేశాలన్నీ వినొచ్చు. బాధితులు తారలూ రాజకుటుంబీకులే అనుకున్నంతకాలం జనం పెద్దగా పట్టించుకోలేదు (అదీ తప్పే). హత్యకు గురైన ఓ బాలిక వాయిస్‌మెయిల్‌లోనూ చొరబడ్డారని 2011 జులై 4న బయటపడగానే ప్రకటనలిచ్చే కంపెనీలు జారుకున్నాయి. 10వ తేదీనే ఆఖరి సంచిక. 1989లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో లివర్‌పూల్ అభిమానులు చనిపోయిన తొక్కిసలాటపై అబద్ధాలు అచ్చేసిన మరో టాబ్లాయిడ్ ‘సన్’నైతే లివర్‌పూల్‌లో చాలా దుకాణాలు ఇప్పటికీ అమ్మవు.

– ఒక పాఠకుడు