కడ్డీ లేదట సరే, ఎర్తు ఏదీ?

సంపాదకుల వారికి,

పిడుగుపాటుకు షెడ్డులో మోటార్లు, కరెంటు ప్యానెళ్లు కాలిపోయాయన్న వార్త మీ జిల్లా పేజీలో వచ్చి పది రోజులైంది. తెలిసినవారెవరైనా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు. ‘పైకప్పు మీద పిడుగు కడ్డీ లేకపోవడమే కారణం’ అని అధికారిగారు సెలవిచ్చారు, మీరూ అచ్చేశారు. ముప్పై ఏళ్లకు పైగా ఎర్తు గుంతలు తవ్వించినవాణ్ణి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అయ్యా, అది ఇనుప షెడ్డు. కాలమ్‌లు, కప్పును మోసే ట్రస్సులు, రేకుల కింద పర్లిన్లు బోల్టులతో బిగిసి అంతా ఒకటే ఇనుము. పిడుగు దిగడానికి అదే దారిగా వాడుకోవచ్చని పిడుగు రక్షణకు మనం పాటించే ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణమే చెబుతోంది. పైనున్న అర మిల్లీమీటరు రేకుకు చిల్లు పడొచ్చు, కింద దూది గానీ పెయింటు గానీ ఉంటే అంటుకోవచ్చు. అది వేరే సంగతి. ఇక్కడ కాలింది మోటార్లు. అంటే చూడాల్సింది పిడుగు నేలలోకి దిగాల్సిన చోట, కాలమ్ పాదం దగ్గర.

అక్కడ పనిచేసే మా బంధువుల కుర్రాడు తీసుకెళ్లి చూపించాడు. నాలుగో కాలమ్ నుంచి ఎర్తు కోసం జీఐ (జింకు పూత ఇనుప) పట్టీ దిగింది. గుంత మీద ‘ఎర్త్ పిట్’ అని పచ్చ బోర్డు కూడా ఉంది. పట్టీకీ గుంతలోని పైపుకీ మధ్య జానెడు ఖాళీ! ఉప్పుగాలికి బోల్టు తుప్పుపట్టి రాలిపోయింది. గుంతలో టీ కప్పులు. తనిఖీ రిజిస్టరులో మాత్రం ఎర్తు నిరోధం రీడింగు 0.8 ఓం (ఇది ఎంత తక్కువైతే అంత మంచిది). నేల ఎండిన మే నెలలోనూ 0.8, తడిసిన నవంబరులోనూ 0.8. భూదేవికి కూడా అంత నిలకడ ఉండదు.

పైగా పిడుగు ఎర్తునీ కరెంటు ఎర్తునీ కలపకూడదని ఇంకా పాత చాదస్తం. 30 వేల ఆంపియర్ల పిడుగు 10 ఓంల ఎర్తులోకి దిగితే ఆ క్షణానికి 3 లక్షల వోల్టులు. రెండు ఎర్తులూ విడివిడిగా ఉంటే ఆ తేడా ప్యానెల్లోకి దూకక ఏం చేస్తుంది?

పునాది పోసేటప్పుడే కాలమ్‌ను బిగించే యాంకర్ బోల్టులను కాంక్రీటులోని కమ్మీలకు కలిపేస్తే, పునాదే ఎర్తుగా పనిచేసి సగం బాధ తీరేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అరిజోనా ఎడారిలో బాంబుల గోదాములకు హెర్బర్ట్ యూఫర్ అనే ఇంజినీరు పునాది కమ్మీలనే ఎర్తుగా వాడించాడు. 1960లో మళ్లీ కొలిస్తే 5 ఓంలు దాటలేదు. మన దగ్గర సివిల్ కాంట్రాక్టరుకు ఎర్తింగ్ పట్టదు, ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు వచ్చేసరికి కాంక్రీటు గట్టిపడిపోయి ఉంటుంది. ఇద్దరికీ బిల్లులు మాత్రం పాసవుతాయి. తనిఖీకి వచ్చినవారు కారు దిగితే ఆ రోజు పండగే. ఇప్పుడిక కడ్డీ లేదన్నారు కదా, ‘ఒక్కటి పెడితే చుట్టూ వంద మీటర్లు భద్రం’ అంటూ ఖరీదైన కడ్డీలు అమ్మేవాళ్లు గేటు ముందు వాలిపోతారు. ఆ వంద మీటర్ల లెక్కను 62305 అసలు ఒప్పుకోదు.

మీ విలేకరిని ఇంకోసారి పంపండి. ఈసారి పైకప్పు ఫొటో వద్దు, ఆ నాలుగో కాలమ్ పాదం తీయమనండి. అధికారిగారు కూడా వస్తానంటే ఎర్త్ టెస్టరు, పానా నేనే తెస్తాను.

— ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, విశాఖపట్నం