పేరు చూసి స్పెషలైజేషన్ ఎంచుకోమంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

నేను పర్లాకిమిడిలో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్లో ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు రాస్తున్నాను. మా అమ్మాయి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అంటే సంస్థల పనుల్లో కంప్యూటర్లను వాడే చదువు, డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. కిందటి వారం కాలేజీ నుంచి ఒక కాగితం తెచ్చింది. డేటా అనలిటిక్స్, సైబర్ సెక్యూరిటీ, ఏఐ, సిస్టమ్స్ అనాలిసిస్ అని నాలుగు స్పెషలైజేషన్ల పేర్లు, పక్కన నాలుగు గళ్లు. ఒకదాంట్లో టిక్కు పెట్టి, తల్లి చేతో తండ్రి చేతో సంతకం చేయించి పది రోజుల్లో ఇచ్చేయాలట. ఏ పేరు కింద ఏ పేపర్లు ఉంటాయో, ఎవరు చెబుతారో, ల్యాబ్ ఎన్ని గంటలో అందులో ఒక్క ముక్క లేదు. సంతకం పెట్టకుండా పక్కన పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పెద్దాడు నాలుగేళ్ల కిందట ఇలాంటి కాగితం మీదే డేటా అనలిటిక్స్‌కు టిక్కు పెట్టాడు. స్నేహితులంతా అదే పెట్టారు. వైజాగ్‌లో ఉద్యోగాలన్నీ దానికేనని ఎవరో అన్నారు. నేనూ సరేనన్నాను. వాడు చదివిన కాలేజీ వేరు, దాని పేరు ఇక్కడ రాయను. సెమిస్టరు మధ్యలో గెస్ట్ లెక్చరర్ మానేశారు. ల్యాబ్‌లో సగం కంప్యూటర్లు పనిచేసేవి కావు. ఎస్‌క్యూఎల్ (కంప్యూటర్ పట్టికల్లోంచి వివరాలు రాబట్టే భాష) ప్రశ్నలకు జవాబులు రికార్డు పుస్తకంలో పెన్నుతో రాశాడు, కంప్యూటర్ ఇవ్వాల్సిన ఫలితం కూడా స్కేలుతో గళ్లు గీసి పెన్నుతోనే రాశాడు. నీలం అట్ట పుస్తకం, ప్రతి పేజీ చివర ఎర్ర సిరా సంతకం. ఇప్పటికీ మా బీరువాలో ఉంది. తర్వాత ఒక ఇంటర్వ్యూలో రెండు పట్టికలు కలిపి చూపించమని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే చేతులాడలేదట. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. తెలివికి వాడికేం తక్కువ లేదు. నేర్పుతామన్నది నేర్పలేదు, అది అడిగి తెలుసుకోవాలని నాకూ తట్టలేదు.

అందుకే ఈసారి కూర్చుని చదివాను. 2022 డిసెంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఇచ్చిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. పాఠానికైతే ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు 15 గంటలు, ల్యాబ్‌కైతే 30 గంటలు. లెక్కలు రాసేవాణ్ని కాబట్టి ఈ అంకె దగ్గరే ఆగిపోయాను. 2 క్రెడిట్ల ల్యాబ్ అంటే పిల్ల చేతికి 60 గంటలు కంప్యూటర్ అందాలి. ఒక్కో కంప్యూటర్‌కు ముగ్గురిని కూర్చోబెడితే ఒక్కొక్కరికీ దక్కేది 20. మార్కుల జాబితాలో మాత్రం 2 క్రెడిట్లూ నిండుగా పడిపోతాయి.

ఇక మా కొట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి, ఈ చదువు దేనికో నాకు అర్థమైంది దానివల్లే. దసరా ముందు నెలాఖరు లెక్క చూస్తే 340 కేజీల బియ్యం తేడా వచ్చింది. కంప్యూటర్‌లో సరుకు ఉంది, గోదాములో లేదు. షావుకారుకు కళాసీల మీద అనుమానం. ముఖ్యంగా ఒకాయన మీద, ముప్పై ఏళ్లుగా మా దగ్గర బస్తాలు మోస్తున్నవాడి మీద. ఆయన నోరు మెదపలేదు. మూల కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఉండిపోయాడు. సెలవు రోజని మా అమ్మాయి నాకు కేరేజీ తెచ్చింది. విషయం విని నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది.

"బాబాయ్, బస్తా లారీ దిగిన దగ్గర్నుంచి గుమ్మం దాటేదాకా ఏం చేస్తారో ఓసారి చెప్పవా" అంది.

ఆయన చెబుతూ చెబుతూ, "ఇరవయ్యారు కేజీల సంచి గదమ్మా" అన్నాడు. అమ్మాయి సంచి తిప్పి చూసింది. 26 అని అచ్చు వేసి ఉంది. లోపలికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే బస్తా అంటే 25 కేజీలు అని ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కేజీల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడటంతో ఆ పన్ను పడకుండా చాలా మిల్లులు 26 కేజీల సంచులకు మారాయి. మా కొట్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు పాత జాబితానే ఎక్కించేశారు. కొన్నప్పుడు మిల్లు బిల్లులోని బరువు ఎక్కుతోంది, అమ్మినప్పుడు బస్తాకు 25 చొప్పున తగ్గుతోంది. 340 బస్తాలు అమ్మితే 340 కేజీలు కాగితం మీద మిగిలిపోయాయి. షావుకారు ఆ సాయంత్రం ఆయన్ని పిలిచి టీ ఇప్పించాడు.

ఆ ఫారంలో సిస్టమ్స్ అనాలిసిస్ అని ఉన్నది ఈ పనే. పని చేసేవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటలో అడిగి, పని నడిచే తీరు రాసుకుని, లెక్క ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడం. అమ్మాయి క్లాసులో దానికి టిక్కు పెట్టినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరట. ఆ పేరు వింటే పాతకాలపుదిలా ఉంటుందంటారు. మన సరిహద్దు పిల్లలకు అంతకంటే అచ్చొచ్చే పని ఏముంది? ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. సవరల మాట నేర్చుకుంటే గాని వాళ్ల పిల్లలకు చదువు చెప్పలేమని గిడుగు రామమూర్తి పంతులుగారు సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నది ఈ ఊళ్లోనే కదా.

డేటా చదువు వద్దని నా ఉద్దేశం కాదు. మా ఖాతాల్లోనే ఒకే మనిషి ఒకచోట పాత్రో, ఇంకోచోట పాత్రుడు. ఊరు ఒక బిల్లులో పర్లాకిమిడి, ఇంకో బిల్లులో పారలాఖెముండి. పక్కనే ఉన్న పాతపట్నానికి సరుకు పంపితే రాష్ట్రం మారి ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర పన్ను), ఇక్కడే అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వాటా, రాష్ట్రం వాటా). జీఎస్టీలో ఒడిశా కోడ్ 21, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37, ఒక్క అంకె తప్పితే రిటర్ను తిరిగి సరిచేసుకోవాలి. ఇదంతా శుభ్రం చేయగలిగినవాడికి అనలిటిక్స్ నిజంగా అక్కరకొస్తుంది. అయితే దానికి స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి, ఆ మాట ముందే పిల్లలకు చెప్పాలి. సైబర్ సెక్యూరిటీ అంటే నెట్‌వర్కులు, లినక్స్, గంటల తరబడి లాగ్‌లు, అంటే కంప్యూటర్ తనంతట రాసుకునే చిట్టాలు, చూడటం. సినిమాలో చూసింది వేరు. ఆడిట్ వైపు ఆసక్తి ఉన్న పిల్లలకు ఈ ఫారంలో గడే లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే ఏర్పాటు తప్పనిసరి అయింది. దాన్ని చదవగలిగే మనుషులు కావాలి కదా. ప్రాథమిక సహకార సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022 జూన్‌లో ₹2,516 కోట్లతో ఆమోదం తెలిపింది, 63,000 సంఘాల లక్ష్యంతో. మన వైపు వడ్లు కొనే సొసైటీలూ, ల్యాంప్స్ అనే గిరిజన సహకార సంఘాలూ ఉన్నాయి. ఈ చదువుకు పని ఉన్నది భువనేశ్వర్‌లో, వైజాగ్‌లో మాత్రమేనని పిల్లలు ఎందుకు అనుకోవాలి?

ఇంకో మాట. ఏసీఎం, ఏఐఎస్ అనే కంప్యూటర్ రంగపు అంతర్జాతీయ సంస్థలు కలిసి తయారుచేసిన ఐఎస్2020 నమూనా పాఠ్యప్రణాళికలో డేటా, సెక్యూరిటీ, సిస్టమ్స్ అనాలిసిస్, ప్రాజెక్టు నిర్వహణ ఇవన్నీ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదివే ప్రతివాళ్లూ నేర్వాల్సినవే. స్పెషలైజేషన్ ఆ పునాది పడ్డాక వచ్చేది. మన దగ్గర పునాది పేపర్లు హడావిడిగా ముగించి పై అంతస్తు పేరుతో కరపత్రాలు వేస్తున్నారు.

గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లోని కాలేజీలవారిని నేను అడిగేది ఎక్కువేమీ కాదు. ఫారం ఇచ్చే ముందే ప్రతి స్పెషలైజేషన్‌కు పేపర్ల పేర్లు, చెప్పే అధ్యాపకుల పేర్లు, పనిచేసే కంప్యూటర్లు ఎన్నో, ల్యాబ్ గంటలెన్నో నోటీసు బోర్డు మీద అంటించండి. ఏదైనా పేపరుకు మనిషి లేకపోతే లేరని రాయండి, మేం అర్థం చేసుకుంటాం. తల్లిదండ్రులను ఒక ఆదివారం పిలిచి తెలుగులో, ఒడియాలో మాట్లాడండి. సంతకం పెట్టే తల్లుల్లో చాలామందికి ఆ ఇంగ్లీషు పేర్లు నోరు తిరగవు, అడగడానికి మొహమాటపడతారు. ఒక సెమిస్టరు చదివాక మార్చుకోవాలనుకునే పిల్లలకు దారి ఉందో లేదో కూడా ఆ కాగితం మీదే రాయండి.

గడువు ఇంకా మూడు రోజులుంది. మా అమ్మాయి ఫారం నా చిట్టా పుస్తకంలోనే ఉంది, గళ్లు ఖాళీగానే ఉన్నాయి. సోమవారం కాలేజీకి వెళ్లి పేపర్ల జాబితా అడుగుతాను. నాలాంటి తల్లిదండ్రులు ఇంకెవరైనా వస్తే కలిసే అడుగుదాం.

ఇట్లు,
ఒక గుమస్తా, పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా