గుట్ట దారికి గుర్తులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కూతురి దగ్గర ఉన్నప్పుడు మెయిన్ రాష్ట్రంలోని అకాడియా జాతీయ పార్కులో కాడిలాక్ కొండ ఎక్కాను. ఎత్తు 1,530 అడుగులే కానీ, అట్లాంటిక్ సముద్రం పక్కనే కావడంతో పైన గాలి మనిషిని నిలవనివ్వదు. శిఖరం దాకా కారు రోడ్డుంది. వేసవిలో ముందే టికెట్ తీసుకోవాలి. అల్లుడు అదే మేలన్నాడు. నేనే పట్టుబట్టి నడిపించాను.

దక్షిణం వైపు దారిలో చెట్లు పోయి గులాబీరంగు గ్రానైటు బండ మొదలయ్యాక కాలిబాట అనేదే కనిపించదు. అయినా దారి తప్పం. బండల మీద నీలిరంగు పట్టీలు, మధ్యమధ్య రాళ్ల గుర్తులు ఉంటాయి. కింద రెండు రాళ్లు, వాటిపై అడ్డంగా ఒక పలక, దాని మీద దారి చూపే చిన్న రాయి. వందేళ్లు దాటిన ఉపాయమది! వాటిని ఎవరూ కదపకూడదు, సరదాకి కొత్తవి పేర్చకూడదు.

మన రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఆదిమానవుల రంగుల చిత్రాలున్నాయి. మొన్న వెళితే, దారి అడగడానికి మేకల కాపరి కనబడేదాకా ఎండలో తిరిగాం. మేం వెళ్లిన వైపు గుర్తులు లేవు కానీ, బండల మీద ప్రేమికుల పేర్లకు మాత్రం కొదవ లేదు. పెయింటు ఎవరి దగ్గర ఉండాలో వారి దగ్గర లేదన్నమాట.

చిత్రాలున్న రాళ్లను ముట్టకుండా, మలుపుల దగ్గర చిన్న రంగు పట్టీలు వేయించాలని అధికారులను కోరుతున్నాను. రేగొండలో బస్సు దిగేచోట ఒక పటం కూడా పెడితే బాగుంటుంది.

– విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయురాలు, హనుమకొండ