మన వీధి సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా కరెంటు పనే

సభ్యులందరికీ నమస్కారమండి. ఈ రిపోర్టు ఉగాదికే మీ చేతుల్లో పెట్టాల్సింది, లేటైంది, తప్పు నాదే. పోయినేడు రాసింది మరీ పద్దుల పుస్తకంలా ఉందని కొందరన్నారు, అందుకని ఈసారి మామూలుగా మాట్లాడినట్టే రాస్తన్నా, అక్షరదోషాలుంటే మేష్టారివై ఉండి కూడానా అని నవ్వుకోండి, పర్లేదు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. వానలకి ముందే డ్రైన్లో పూడిక తీయించాం, చివరింటి దగ్గర మళ్ళీ పూడింది, మళ్ళీ తీయిస్తాం. చవితి పందిరికి ఈసారి స్తంభం మీద కొక్కేలు వెయ్యకుండా ఒక సభ్యుడింటి మీటరు నుంచి లైను తీసుకుని బిల్లు సంఘం కట్టింది, కుర్రాళ్ళు మొదట్లో గునిశారు గానీ ఒప్పుకున్నారు. వీధి లైట్లు వెలుగుతున్నాయి. లెక్కల కాయితం గుడి దగ్గర బోర్డు మీద అంటించాను, అందరూ చూసుకోవచ్చు.

ఇంక అసలు సంగతి. ఈ పని మా ఇంట్లోంచే మొదలైంది కాబట్టి దాచకుండా చెప్పుకోవాలి. వానాకాలం రెండు నెలలూ మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తువ్వాలుతో పట్టుకుని తీసేదండి. చిమచిమలాడతందంటే చెప్పులేసుకో అన్నాను నేను. ముప్పై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పినోణ్ణి, ఇంట్లో చెప్పింది అదీ. ఓ రోజు తడి కాళ్ళతో పెరుగు గిన్నె కోసం నేనే వెళ్ళి పట్టుకున్నా, మోచెయ్యి దాకా జివ్వుమంది, గిన్నె నేల మీద, నేను గోడ మీద. అప్పుడు గానీ బుద్ధి రాలేదు.

మొదట ఒకాయన్ని పిలిచాం, పేరెందుకు లెండి. ప్లగ్గు తీసి అటుదిటు తిప్పి పెట్టి, "తేమండి, ఎండలొస్తే అదే పోద్ది" అని రెండొందలు పట్టుకెళ్ళాడు. రెండోసారి పక్క పేట నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చాం, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు చదివాడు, వైర్‌మెన్ పర్మిట్ ఉంది. ఆ అబ్బాయి ఫ్రిజ్ జోలికే వెళ్ళలేదు, ముందు మెయిన్ ఆపాడు, బోర్డు విప్పాడు, "మేష్టారండీ ఇలా రండి" అని పిలిచి చూపించాడు. మూడో పిన్నుకి పచ్చ వైరు ఉంది, భేషుగ్గా ఉంది, కానీ అది గోడలోకి వెళ్ళట్లేదు, బోర్డు లోపలే తిప్పి, కరెంటు వెనక్కి పోయే వైరైన న్యూట్రల్‌కి కట్టేశారు. అంటే మా ఇంట్లో మూడు పిన్నుల సాకెట్టుందే గానీ ఎర్తు, అంటే లీకైన కరెంటుని నేలలోకి దింపే దారి, లేదు. ఇల్లు కట్టిన రోజు నుంచీ లేదు.

దీని వల్ల ఏమవుద్దో ఆ అబ్బాయి చెప్పింది నా మాటల్లో రాస్తున్నా, ఎందుకంటే తర్వాత చూస్తే ఇదే వేషం మన వీధిలో చాలా ఇళ్ళలో బయటపడింది. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతకాలం ఏమీ తెలీదు. మీటరు దగ్గరో మెయిన్ దగ్గరో ఆ జాయింటు వదులైందనుకోండి, ఇంట్లో వెలుగుతున్న బల్బులోంచి, తిరుగుతున్న ఫ్యాన్లోంచి వచ్చిన కరెంటుకి వెనక్కి పోయే దారుండదు, అది న్యూట్రల్ వైరు మీదే నిలబడుద్ది, ఆ న్యూట్రల్‌ని మనమే పచ్చ వైరుతో ఫ్రిజ్ ఒంటికి కట్టుకున్నాం కదా, ఫ్రిజ్ మొత్తం కరెంటే. అంటే కాపాడాల్సిన పచ్చ వైరే మాకు షాకు తెచ్చిపెట్టిందన్నమాట. మా మీటరు కింద జాయింటు నల్లగా మాడి ఉంది. పూర్తిగా ఊడుంటే ఈ రిపోర్టు ఇంకొకరు రాసుండేవారు.

ఇది మీటింగులో చెప్తే ఒక్కొక్కరూ బయటపడ్డారు. ఒకరింట్లో మోటారు పైపు పట్టుకుంటే లాగుద్దంట, ఇంకొకరింట్లో గీజరేస్తే హాల్లో లైటు మసకబారుద్దంట, ఇవన్నీ ఏళ్ళ తరబడి అలవాటైపోయినవే. అందుకని ఇళ్ళన్నీ చూపిద్దాం అనుకున్నాం. కానీ ఎవరితో? ఇక్కడే కమిటీలో పెద్ద గొడవైంది. చవకగా వచ్చేవాళ్ళు చాలామందున్నారు, చూసినందుకు ఏమీ వద్దండి, పని ఉంటే ఇవ్వండి అంటారు. వినడానికి బాగానే ఉంటది. మరి చూసినందుకు ఏమీ రానోడు పని లేదు అని ఎందుకంటాడండి? లేదంటే పని పెద్దదని వదిలేసి తేమండీ అనేసి వెళ్ళిపోతాడు. కాబట్టి చూడ్డానికి వేరే డబ్బు, పనికి వేరే డబ్బు అని తీర్మానం చేశాం. ఇంటికి మూడొందలు, సగం సంఘం, సగం ఇంటివాళ్ళు. చూసినాయన ఏం చూశాడో కాయితం మీద రాసిచ్చి వెళ్ళాలి, ఆ పని ఆయనతోనే చేయించుకోవాలని రూలు లేదు. కోశాధికారి గారు దీనికి ఒప్పుకోడానికి రెండు మీటింగులు పట్టింది, ఇప్పుడు మాత్రం ఐడియా ఆయనదే అని చెప్పుకుంటున్నారు, సంతోషం.

మనిషిని ఎంచుకునేటప్పుడు మేం అడిగినవి పెద్దవేం కావు. పర్మిట్ కాయితం చూపించమన్నాం. మెగ్గర్, అంటే వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు, ఉందా అన్నాం. ఒకాయన జేబులోంచి టెస్టర్ తీసి ఇదే చాలండి అన్నాడు, టెస్టర్ వెలిగితే కరెంటుందని తెలుసుద్ది గానీ వైరు తొడుగు బతికుందో చచ్చిందో అదెలా చెప్తాది? మెగ్గర్ అయితే 500 వోల్టులు పంపించి చూపిద్ది, తొడుగు నిరోధం కనీసం 1 మెగోమ్, అంటే పది లక్షల ఓములు రావాలి, ఒక పెంకుటింట్లో వంటింటి లైను ముల్లు సున్నా దగ్గర్నుంచి కదల్లేదు. ఇంకొకటి, బోర్డు విప్పేముందు మెయిన్ ఆపుతాడా లేదా అన్నది ఏమీ అనకుండా నిలబడి చూశాం. ఆపకుండా చెయ్యి పెట్టే మొనగాళ్ళని చేతులు జోడించి పంపించేశాం. చివరికి మా ఇంట్లో చూసిన ఆ ఐటీఐ అబ్బాయే నిలిచాడు.

మన వీధిలో ఇళ్ళు రెండు రకాలు. పాత మండువా ఇళ్ళు, పెంకుటిళ్ళలో చెక్క పట్టీల మీద క్లిప్పులేసి లాగిన వైర్లు, దూలాల పక్కనే. ఆ రబ్బరు తొడుగు ఎండిపోయి చెయ్యి తగిలితే అప్పడంలా రాలిపోతంది, దానికి తోడు ఎలకలు. ఇవి బాగుచేసేవి కాదండి, మార్చాల్సినవే. రెండో రకం డాబాలు, చాలా మటుకు 1996 నవంబరు తుఫాను తర్వాత లేచినవి. తాటాకిళ్ళూ పెంకులూ ఎగిరిపోయి అప్పటికప్పుడు శ్లాబులేసుకున్నాం, దొరికిన మేస్త్రీ దొరికిన వైరు. అప్పుడు ఇంటికి నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. ఇప్పుడు అదే వైరు మీద ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి, మిక్సీ, బోరు మోటారు. 2000 వాట్ల గీజరు దగ్గర దగ్గర 9 ఆంపులు లాగుద్ది, దాన్ని 6 ఆంపుల సాకెట్లో అడాప్టరు పెట్టి నడుపుతున్న ఇల్లు దొరికింది, సాకెట్టు పసుపురంగు తిరిగి కరిగి ఉంది, ఆ ఇంటాయన "అది కొన్నప్పటి నుంచీ అదే రంగండి" అన్నారు.

పింగాణీ ఫ్యూజుల సంగతి చెప్పక్కర్లేదు. మాటిమాటికీ పోతందని రాగి పోగులు నాలుగైదు మెలేసి చుట్టినవి వరసగా కనపడ్డాయి. ఫ్యూజు పోవడమే దాని ఉద్యోగం, అది పోకపోతే బదులుగా గోడలో వైరు పోద్ది. ఎంసీబీలు, అంటే లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు, పెట్టుకున్నవాళ్ళు కూడా ట్రిప్పవుతంది కదా అని 16 ఆంపులది తీసి 32ది పెట్టించుకున్నారు, వైరు మాత్రం పాతదే, అదీ అంతే లెక్క.

ఆర్‌సీసీబీ అనే లీకేజీ స్విచ్చు గురించి చాలామందికి అనుమానాలున్నాయి కాబట్టి కాస్త ఆగి చెప్తాను. ఫేజులో, అంటే కరెంటు వచ్చే వైరులో, వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో తిరిగొస్తందా అని అది చూస్తా ఉంటది, 30 మిల్లీ ఆంపులు తేడా వస్తే, అంటే ఎక్కడో మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో కారిపోతుంటే, కన్ను మూసి తెరిచేలోపు ఆపేస్తది. లోడు ఎక్కువైతే మాత్రం దానికి పట్టదు, దానికి ఎంసీబీ ఉండాల్సిందే, ఒకటి పెట్టాం కదా రెండోది ఎందుకు అనొద్దు. మన వీధిలో ఇది ఉన్న ఇళ్ళు తక్కువ, ఉన్నవాటిలో ఒకాయన వానొస్తే ట్రిప్పవుతందని పక్కనుంచి వైరు లాగేసి దాన్ని అలంకారానికి ఉంచుకున్నారు. వెతికితే పెరట్లో స్నానాలగది బయట స్విచ్చులోకి నీళ్ళు కారుతున్నాయి. పాపం ఆ డబ్బా రెండేళ్ళుగా నిజమే చెప్తంది. మా ఇంట్లో పెడితే అసలు నిలబడనే లేదు, ఎందుకా అంటే ఇందాక చెప్పిన పచ్చ వైరు ఇంకో రెండు బోర్డుల్లో కూడా న్యూట్రల్‌కే కట్టి ఉంది, ఆ దారిన కొంత కరెంటు నేలలోకి పోయి లెక్క తప్పేది, అవి విడగొట్టి నిజమైన ఎర్తుకి కలిపాక నిలబడింది.

ఎర్తు విషయంలో మన నేలకి ఒక అదృష్టముంది, నాలుగు అడుగులు తవ్వితే నీళ్ళు, ఒండ్రు మట్టి, ఎప్పుడూ తడే, రాతి నేలల వాళ్ళలా ఎండాకాలం బకెట్లతో పొయ్యక్కర్లేదు. కానీ ఆ తడే పైపుని తినేస్తది. బొగ్గూ ఉప్పూ వేసి పాతిన పాత జీఐ (జింకు పూత ఇనప) పైపులు రెండు తవ్వి చూస్తే పైన మూర పొడుగు ఉంది, కింద తుప్పు పొడి తప్ప ఏమీ లేదు, వైరు మాత్రం పైన అందంగా నట్టు బిగించి ఉంది. పాతికేళ్ళు దాటిన పైపుని నమ్మొద్దని అబ్బాయి మాట.

పనిలో అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. రెండిళ్ళలో గోడలు కోసి పైపులేశాక తాపీ మేస్త్రీ సంక్రాంతికి వెళ్ళి కనుమ తర్వాత పది రోజులకి గానీ రాలేదు, పండక్కి అల్లుళ్ళు సిమెంటు దుమ్ములోనే పిండివంటలు తిన్నారు, క్షమించండి. రేట్ల మీద కూడా మాటలొచ్చాయి. 4 స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్ల) లావు వైరు చుట్ట ధర చూసి సన్నది వెయ్యమన్నవాళ్ళున్నారు, ఏసీ లైనుకి అబ్బాయి ఒప్పుకోలేదు, నేనూ అతని వైపే మాట్లాడాను, అందుకు నా మీద కోపంగా ఉన్నవాళ్ళు చెప్పండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

ఇంటి బయట సంగతులు ఇంకా ఉన్నాయండి. బట్టల దండేలు ఇనప తీగవి పదకొండు తీయించాం, నైలాన్ తాడు సంఘమే కొనిచ్చింది. ఒకరింట్లో దండెం కొస సర్వీసు వైరుని మోసే తీగకే కట్టి ఉంది, ఆ తీగ రేకుల షెడ్డుకి రాసుకుంటంది, కింద గేదె. గాలికి కొబ్బరి మట్టలు తీగల మీద పడితే కర్రతో లాగడం, పచ్చి గెడ వెయ్యడం ఇకనైనా మానండి, కరెంటువాళ్ళ 1912 నంబరుకి ఫోన్ చేసి లైన్‌మెన్ వచ్చేదాకా పిల్లల్ని అటు రానివ్వకుండా ఉంటే చాలు. 2022 జులైలో గోదారి వరద చూశాం కదా, అప్పుడు లంకల్లో చుట్టాలున్నవాళ్ళకి తెలుసు, నీళ్ళు గుమ్మం ఎక్కకముందే మెయిన్ ఆపాలి, నీళ్ళు తీశాక వెంటనే మెయిన్ వెయ్యకూడదు, బోర్డులు విప్పి ఆరబెట్టి మెగ్గర్ చూపించాకే. నీళ్ళలో నిలబడి మెయిన్ ముట్టుకోవద్దు, అప్పటికే ఆలస్యమైతే స్తంభం దగ్గరే ఆపించమని 1912కే చెప్పండి.

మిగిలిపోయినవి: అద్దె ఇళ్ళు. ఉండేవాళ్ళు మాది కాదంటారు, ఓనర్లు హైదరాబాదులో ఉండి వచ్చినప్పుడు చూద్దాం అంటారు. చూపించడం వరకు సంఘం డబ్బుతోనే చేయించి ఆ కాయితం ఫొటో తీసి ఓనర్లకి పంపించాలని ప్రతిపాదన, మీటింగులో ఓటుకి పెడతాను. ఆర్‌సీసీబీ ఉన్నవాళ్ళు దాని మీద టెస్ట్ అనే బొత్తాం నెలకోసారి నొక్కాలి, ఎవరికీ గుర్తుండట్లేదని అమావాస్యకి నొక్కుదాం అని ఆడవాళ్ళు తీర్మానించారు, పోయిన అమావాస్యకి సాయంత్రం ఆరింటికి వీధిలో సగం ఇళ్ళు ఒక్కసారి చీకటైతే లైన్‌మెన్ పరిగెత్తుకొచ్చాడు.

చందా బాకీలు ఈ నెలాఖరులోపు కోశాధికారి గారికి ఇవ్వండి. ఇంకో మాట, అల్యూమినియం నిచ్చెన తీగల దగ్గర వాడొద్దని అది తీసేసి వెదురు నిచ్చెన కొన్నాం, అది గుడి వెనకాల ఉండాలి, రెండు వారాలుగా లేదు. ఎవరి మామిడిచెట్టుకి ఆనించి ఉందో వాళ్ళు రాత్రి తెచ్చి పెట్టేసినా నేను ఎవరని అడగను.