చుట్టిళ్ల మీదికి జేసీబీని పంపకండి

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఉత్తరాంధ్ర తీరంలో మా ఊరి పార్కులో ఉన్న పల్లె ప్రాంగణాన్ని ఈ నెలాఖరుకి మూసేస్తున్నామని గేటుకి నోటీసు అంటించారు. ఆ ప్రాంగణానికి డిజైన్ గీసింది నేనే. 2011లో అక్కడ నాలుగు చుట్టిళ్లు కట్టాం. శ్రీకాకుళం నుంచి తూర్పుగోదావరి దాకా సముద్రం దగ్గరి పల్లెల్లో మట్టిగోడలతో, తాటాకు కప్పుతో గుండ్రంగా కట్టుకున్న ఇళ్లవి. ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్లి చూడాల్సి వస్తోంది.

నా మొదటి డ్రాయింగులో చూరు ఆరడుగుల ఎత్తున పెట్టాను, వచ్చేవాళ్ల తలకి తగలకుండా. పనికొచ్చిన తాత ఆ కాగితం చూసి, "ఇంతెత్తయితే గాలి కిందనించి దూరి కప్పుని ఎగరేసుకుపోతాది బాబూ" అన్నాడు. చూరుని నడుమెత్తుకి దించాడు. గోడ గుండ్రంగా ఉంటే గాలి పక్కలకి జారిపోతుంది, కప్పు అంత కిందికి దిగితే వాన గోడని తడపదు. అయిదేళ్లు ఆర్కిటెక్చర్ చదివినా ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు.

గోడ పని మరీ నెమ్మది. ఎర్రమట్టిలో వరిగడ్డి కలిపి కాళ్లతో తొక్కి నానబెట్టేవాళ్లు. రోజుకి మూరెడు ఎత్తు, అంతే. కింది వరస ఆరిందో లేదో ఆయన భార్య బొటనవేలితో నొక్కి చూసేది. వేలు దిగితే ఆ రోజు గోడ లేవదు. కాంట్రాక్టరుకీ నాకూ టెన్షన్, ఆవిడ మాత్రం తొందరపడేది కాదు. ఆవిడ అలికిన వేళ్ల గీతలు రెండో ఇంటి లోపలి గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి. మొన్న వెళ్లి చూసొచ్చాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి టికెట్ కౌంటరు రేకులు ఎగిరి రోడ్డవతల పడ్డాయి. చుట్టిళ్ల తాటాకు చెదిరింది గానీ నాలుగూ నిలబడ్డాయి.

తాటాకుని కొన్నేళ్లకోసారి మార్చాలి. ఒక్కసారి మార్చారు, తర్వాత డబ్బు ఇవ్వలేదు. కప్పు కారితే మట్టిగోడ కరగదా? ఒక ఇంటి గోడ జారేసరికి ప్రమాదమంటూ మొత్తం మూసేస్తున్నారు. అక్కడ ఫుడ్‌కోర్టు కడతారట.

మిగతా మూడిళ్ల గోడలు గట్టిగానే ఉన్నాయి. తాటాకు మార్పించి వాటిని ఉంచమని నా మనవి. అది కుదరదంటే కనీసం జేసీబీతో కూల్చనివ్వకండి. తాత పోయాడు. ఆయన కొడుక్కి ఈ పని వచ్చు, ఇప్పుడు సెంట్రింగ్ పనికి పోతున్నాడు. అతని చేత విప్పించండి. కప్పు కట్లు ఒక్కొక్కటీ విప్పుతుంటే ఐటీఐ పిల్లల్నీ, ఆర్కిటెక్చర్ విద్యార్థుల్నీ పక్కనే ఉండి చూడనివ్వండి. కొలతలు నేను దగ్గరుండి రాయిస్తాను, నాకు రూపాయి వద్దు. గుమ్మాలు, తాటిదూలాలు దాచడానికి ఓ చిన్న షెడ్డు ఇప్పించండి చాలు.

నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులుంది. నిన్న అతనితో మాట్లాడాను. కబురు చేస్తే మర్నాడే వస్తానన్నాడు.

ఇట్లు,
ఆ ప్రాంగణం గీసిన డిజైనర్