టీకా తొలకరికి ముందే అందాలి

సంపాదకులకు,

ఇబ్రహీంపట్నం, చేవెళ్ల, శంషాబాద్ వైపు గొర్రెల మందలకు ఎండకంటే తొలకరి వానలంటేనే ఎక్కువ భయం. ఎండిన చేలల్లో అప్పుడే మొలిచిన లేత గడ్డిని ఆకలి మీదున్న జీవాలు ఆబగా మేస్తాయి. దాంతో పేగుల్లోని సూక్ష్మజీవి ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. అదే చిటుక రోగం. సాయంత్రం నెమరు వేసిన గొర్రె తెల్లారేసరికి కాళ్లు కొట్టుకుని, మెడ వెనక్కి విరుచుకుని పడి ఉంటుంది. అదీ మందలో బాగా బలిసినదే. వైద్యానికి వ్యవధి ఉండదు, టీకా ఒక్కటే దారి. మొదటిసారి వేసే జీవాలకు 2 వారాలకు బూస్టర్ తప్పదు. కాబట్టి మే నెలలోనే టీకాలు ఊళ్లకు చేర్చాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాం. 2017లో ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టిన రాష్ట్రానికి ఇది మించిన పని కాదు.

కాపరులు పొద్దున కాస్త జొన్నచొప్ప వేసి, గడ్డి మీద తడి ఆరాకే మందను వదలాలి. తడి గడ్డి కొసలకు నట్టల (కడుపులో పెరిగే పురుగుల) పిల్లలు పాకి ఉంటాయి. కొట్టం బురదైతే గిట్టల సందులో చర్మం నాని పుండు పడుతుంది. 10 లీటర్ల నీటికి కిలో జింక్ సల్ఫేట్ కలిపిన తొట్టిలో 5 నిమిషాలు నిలబెట్టాలి. ముందు గిట్టలు కడగాలి, బురదతో దించితే మందు పట్టదు. ఆ నీళ్లు తాగనివ్వొద్దు. ఉరుములు మొదలైతే మందను ఒంటరి చెట్టు కిందికి తోలొద్దు.

- గొర్రెల పెంపకందారులు, హైదరాబాద్